కడ్డీ కిందికి, ఎవేలియో!

ఎవేలియో పోయి నలభై రోజులైంది. మెదెయీన్‌లో మా బస్సుల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్లు డాంపర్లు బిగించాడు. బస్సు వెనక ఇంజన్ మూత దభీమని పడకుండా పట్టి దించే గొట్టం అది, ఒక కొసన కడ్డీ ఉంటుంది. మెల్లగా తోస్తే దారి ఇస్తుంది, విసిరితే ఎదురు తిరుగుతుంది. ఆయనా అలాంటివాడే అని రాయబోయాను. కాదు, ఆయన నాకు ఎదురు తిరగనే లేదు.

మూత ఎలా కదులుతుందో కంప్యూటర్‌లో ముందే చూసే పని నాది. నేను చేరిన కొత్తలో ఎవేలియో మధ్యాహ్నం అరెపా రొట్టె తింటూ నా వెనక నిలబడేవాడు.

"ఆ బాణం ఏమిటి మిహా?" అన్నాడోసారి. మిహా అంటే కూతురా అని. మా ఊళ్లో పెద్దవాళ్లు మీరు అంటూనే ముద్దుగా అలా పిలుస్తారు.

"మెకానిక్ చెయ్యి. మూతని కిందికి లాగుతోంది."

"మూత తిరుగుతుంటే అది తిరగదేం?"

"నేలకి కట్టాను. ఎప్పుడూ కిందికే చూస్తుంది."

"పాపం, మీ మెకానిక్ చేతికి మేకు కొట్టారా? మూత పట్టుకున్న చెయ్యి మూతతోపాటు తిరగదూ!"

నవ్వేశాను. గడువు ముంచుకొస్తోంది. మార్చలేదు.

బస్సు కొనేవాళ్లు చూడటానికి వచ్చారు. మూత దాదాపు నిలువుగా తెరిచి ఉంది. అలా ఉన్నప్పుడు తిన్నగా కిందికి లాగితే అది పెద్దగా కదలదు. అందుకే నా కంప్యూటర్ తెరమీద నెమ్మదిగా దిగింది. వాళ్ల ముందు మూత దించిన మెకానిక్ మాత్రం దాన్ని తనవైపుకి లాగి, దానితోపాటే చెయ్యి తిప్పాడు. ఆ వేగానికి నేను ఎంచిన డాంపర్ చాలలేదు. మూత పడి కీలు చీలింది.

"ఏమైంది?" అన్నాడు మేనేజరు.

"డాంపర్ తలకిందులుగా బిగించి ఉంటారు" అన్నాను. కడ్డీ కిందికి ఉంటేనే లోపలి నూనె సరిగ్గా పనిచేస్తుంది. ఆ పనిలో చేరిన మొదటి రోజే నేర్పే సంగతి.

ఎవేలియో నా వైపు చూశాడు. "అయ్యుండొచ్చు" అన్నాడు.

ఆ సాయంత్రమే బాణాన్ని మూతకి కట్టి చూసి, పెద్ద డాంపర్ తెప్పించాను. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. మర్నాటి నుంచి ఆయనకి నేను మిహాని కాను, ఇంజెనియేరాని, అంటే ఇంజనీరమ్మని. గుడ్ మార్నింగ్ ఇంజెనియేరా, అంతే.

వారంలో ఆయన బల్ల పైన గోడకి ఎవరో కాగితం అతికించారు: "కడ్డీ కిందికి, ఎవేలియో!" పదకొండేళ్లు దాని కిందనుంచే తలవంచుకుని నడిచాను. ఆయన్ని వెక్కిరిస్తున్నారు, నా వల్లేగా అనుకుంటూ.

పోయాక వాళ్లింట్లో తొమ్మిది రోజుల ప్రార్థనకీ వెళ్లాను. రోజూ చెబుదామనుకునేదాన్ని. కాఫీ తాగి వచ్చేసేదాన్ని.

నిన్న షిఫ్టు మొదలవక ముందు బల్ల దగ్గర నిలబడి అందరికీ చెప్పాను. ఆయన సరిగ్గానే బిగించాడు, తప్పు నా లెక్కది, అబద్ధం నాది.

ఎవరూ ఉలిక్కిపడలేదు. ఇరవై ఏళ్లు ఆయన పక్కన పనిచేసిన రుబియేలా చేతులు తుడుచుకుంటూ అంది:

"పెద్ద డాంపర్లు బిగించింది మేమేగా ఇంజెనియేరా. అప్పుడే తెలిసింది. ఈ కాగితం ఆయనకనుకున్నారా? రోజూ ఇటు నడిచేది మీరు. మీరు చదవాలనే."

"ఆయన ఊరుకున్నాడా?"

"చింపేస్తానన్నాడు మొదట. తర్వాత, వద్దులే, ఆవిడే తీస్తుంది అన్నాడు."

కాగితం తీయబోతే జిగురు ఎండిపోయి రంగుతో సహా ఊడొచ్చింది. గోడమీద చతురస్రంగా మచ్చ మిగిలింది.