మా బర్రె తేల్చిన స్థానికత

ఆ రోజుల్లో రాష్ట్రానికీ రాష్ట్రానికీ నడుమ సరిహద్దు అనేది ఒకటుంటుందని నాకు పటం చూసి తెలుసు తప్ప, కాళ్ళకు తెలియదు. నారాయణఖేడ్ నుంచి కంగ్టి మీదుగా వెళ్ళి, బస్సు దిగి, మరికొంత నడిస్తే మా ఊరు వస్తుంది. ఊరి చివర ఒక ఒర్రె పారుతుంది (పారేది వానాకాలంలో మాత్రమే, తక్కిన కాలమంతా ఆ చిన్న వాగు రాళ్ళూ ఇసుకా నిండిన నడకదారి). ఒర్రెకు ఇవతల మా ఇల్లు, అవతల మా చేను. ఇల్లు తెలంగాణలో, చేను కర్ణాటకలో. మా నాయన ప్రతి ఉదయం సద్దిమూటతో ఒక రాష్ట్రం నుంచి మరొక రాష్ట్రానికి వెళ్ళి, కందిచేను చూసుకొని, పొద్దుగూకే వేళకు తిరిగి వచ్చేవాడు. ఇంతటి ప్రయాణానికి ఆయన ఏనాడూ చొక్కా కూడా మార్చుకోలేదు. ఎవరైనా మీరు ఏ రాష్ట్రం వారని అడిగితే, "పంట ఆడ పండుతది, అన్నం ఈడ ఉడుకుతది, గంతే" అనేవాడు. ఆ సమాధానంలో లోపమేమిటో నాకు ఇరవై యేళ్ళు నిండేదాకా తెలియలేదు.

తెలియజేసింది ఒక కంప్యూటరు తెర. నేను అప్పుడే నారాయణఖేడ్‌లో డిగ్రీ పూర్తి చేశాను. మా వంశంలో పదో తరగతి గడప దాటినవాడిని కూడా నేనే కాబట్టి, డిగ్రీ తరువాత ఏమి చేయాలో చెప్పే అనుభవం ఇంట్లో ఎవరికీ లేదు. నాకు మాత్రం వృక్షశాస్త్రంలో ఎమ్మెస్సీ చదవాలని కోరిక. హైదరాబాదు ప్రవేశపరీక్షలో నా పేరు జాబితా చివరి పుట దాకా వెతికినా కనిపించలేదు. మిగిలిన ఒకే ఒక ఆశ పక్క రాష్ట్రపు ప్రభుత్వ విశ్వవిద్యాలయం. అదీ కాకపోతే ఏమిటన్నది నాయన ముందే తేల్చేశాడు: "సీటొస్తే సదువు బిడ్డా, నేనేం వద్దన. రాకుంటే ఇగ మీ చిన్నాయన ఎంట పట్నం పో. తాపీ పని నేర్చుకో." హైదరాబాదులో ఇళ్ళు కట్టే మా చిన్నాయన నా చేతులు పట్టి చూసి, "గీ చేతులతోని ఇటుక మోస్తే ఇటుకకే దెబ్బ తగుల్తది" అని నిట్టూర్చాడు. ఆ నిట్టూర్పు విన్ననాటి నుంచి నాకు ఎమ్మెస్సీ మీద ప్రేమ రెట్టింపయింది.

నారాయణఖేడ్ బస్టాండు దగ్గరి నెట్ సెంటరులో దరఖాస్తు నింపుతున్నప్పుడు ఆ గడి ఎదురైంది. స్థానికుడా? బయటి రాష్ట్రపు అభ్యర్థా? నియమావళిని నేను మూడుసార్లు చదివాను (ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు, మందు సీసా మీద రాసినది కూడా పూర్తిగా చదివాకే మూత తీస్తాను). బయటి రాష్ట్రాల వారందరికీ కలిపి ఆ కోర్సులో రెండే సీట్లు. మిగిలినవన్నీ స్థానికులకు. అభ్యర్థి ఎక్కడ చదివినా ఫరవాలేదు, కుటుంబం మాత్రం ఆ రాష్ట్రంలో నివసిస్తున్నట్లు ధ్రువపత్రం ఉండాలి. దేశంలో ఉన్న రాష్ట్రాలన్నిటినీ మనసులో లెక్కపెట్టుకొని, వాటిని రెండు సీట్లతో పోల్చి చూసుకొని, దరఖాస్తును సగంలో ఆపి ఇంటికి వచ్చాను.

సెలవు మీద వచ్చిన చిన్నాయన సంగతంతా విని పకపకా నవ్వాడు. "ఏంది వయా, గింత పరేషాన్ ఎందుకు? చేను ఆడుంది. చేన్ల కొట్టముంది. కొట్టంల పండుకుంటే మనం గా రాష్ట్రపోళ్ళమే!" అన్నాడు. కొట్టమంటే ఎరువు బస్తాలూ నాగలీ పెట్టుకొనే రేకుల పాక. నాయన కాసేపు ఆలోచించాడు. "దాంట్ల తప్పేముంది? వానొస్తే ఆడనే పండుకుంటం గద" అన్నాడు. నాకు మనసు ఒప్పుకోలేదు. కానీ ఒప్పుకోని ఆ మనసుకే రాత్రీ పగలూ ఇటుకలు కనబడుతుండేవి. అందువల్ల తలూపాను. ఈనాటికీ ఆ తల ఊపడం గుర్తొస్తే చెవులు వేడెక్కుతాయి.

ఒర్రె అవతలి ఊరి రెవెన్యూ ఉద్యోగిని మా వైపు వాళ్ళు తలాటి సాబ్ అనేవారు. చేను కాగితం చూసి ఆయన, "చేను మీదే, హౌదు. మనుషులు ఉండేది ఎక్కడ? బేస్తవారం సాయంత్రం వచ్చి మనె చూస్తా" అన్నారు. ఆయన భాషలో మనె అంటే ఇల్లు. ఇక ఆ బేస్తవారం ఉదయం నుంచి మా ఇల్లు ఒర్రె దాటడం మొదలుపెట్టింది. నులకమంచం దాటింది. బిందెలు, చాప, దేవుడి పటం, రెండు కోళ్ళు దాటాయి. గోడకు వేలాడే క్యాలెండరు దాటింది. కొట్టంలో ఒక పక్క నా పుస్తకాలను పొడవు ప్రకారం పేర్చి పెట్టాను. అమ్మ మూడు రాళ్ళు పెట్టి పొయ్యి వెలిగించి, పొగకు కళ్ళు తుడుచుకుంటూ గొణిగింది: "నేను కాపురానికొచ్చిన సంది పొయ్యి జాగ మారలే. నీ సదువు పాడుగాను, పొయ్యికి రాష్ట్రం మారింది."

చివరికి చిన్నాయన బర్రెను కూడా తోలుకొచ్చి కొట్టం ముందు గుంజకు కట్టేశాడు. "బర్రె లేంది ఇల్లెట్లయితది వదినె? సాబ్ చూడంగనే నమ్మాలె" అన్నాడు. దుడ్డెను మాత్రం ఎవరూ తేలేదు. అది పుట్టి పది దినాలైన పసిదూడ. ఎండలో రాళ్ళ మీద నడిపించడం ఎందుకని అమ్మ దాన్ని ఇంటి దగ్గరే కట్టేసింది. "గంటల మల్లొస్తం గద" అంది. ఇంత పకడ్బందీగా కాపురం మార్చిన వాళ్ళం, మేమే తిరిగి వెళ్ళిపోవడానికి సిద్ధంగా ఉన్నామని గమనించలేదు.

నేను ఈలోగా ఒక కన్నడ వాక్యాన్ని వల్లె వేశాను. నాను ఇల్లే ఇర్తీని. నేను ఇక్కడే ఉంటాను అని దాని అర్థం. అవతలి ఊరి కిరాణా దుకాణంలో అడిగి రాసుకొని, చేతిలో చీటీ పెట్టుకొని, కందిచేను గట్టున అటూ ఇటూ నడుస్తూ నలభైసార్లు చదివాను.

తలాటి సాబ్ పొద్దు వాలుతుండగా మోటరు సైకిలు మీద వచ్చారు. పొయ్యిని చూశారు, మంచాన్ని చూశారు, కోళ్ళను చూశారు. క్యాలెండరు దగ్గర ఆగారు. అది నారాయణఖేడ్ ఎరువుల దుకాణం వాళ్ళది. తెలుగులో, పెద్ద పెద్ద అక్షరాలతో. "ఏనప్పా, ఇది ఏ ఊరిది?" అన్నారు. "ఊకెనే ఇచ్చిండ్రు సాబ్. ఊకెనే ఇస్తే ఎవ్వలన్న తీస్కుంటరు" అన్నాడు చిన్నాయన తడుముకోకుండా. తలాటి సాబ్ తలపంకించి కాగితం తీశారు. కలం మూత కూడా తీశారు. అప్పుడు నా వైపు తిరిగి, "తమ్మా, నువ్వు చెప్పు. ఎక్కడ ఉంటావు?" అన్నారు.

నా నాలుక మీద వాక్యం సిద్ధంగా ఉంది. నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే బర్రె అరిచింది. అది పాలు పితికే వేళ. ఒర్రె దాటి మా ఇంటి వైపు నుంచి సన్నగా దుడ్డె బదులు పలికింది. బర్రె ఒక్కసారి మెడ విదిలించేసరికి గుంజ ఊడి వచ్చింది. ఆ గుంజను ఈడ్చుకుంటూ అది కందిచేను అడ్డంగా తొక్కి, ఒర్రె దిగి, తెలంగాణ వైపు పరుగెత్తింది. "అరె, పట్టుండ్రి! చేనంత తొక్కుతుంది!" అని నాయన దాని వెనక, "వదినె, ఎదురుంగ పో, ఎదురుంగ పో!" అని చిన్నాయన నాయన వెనక, పొయ్యి మీది గిన్నెను అక్కడే వదిలి అమ్మ చిన్నాయన వెనక పరుగెత్తారు. ఒక్క నిమిషంలో ఆ కాపురంలో మిగిలినవాళ్ళం నేనూ తలాటి సాబూ రెండు కోళ్ళూ. ఆయన కలానికి మూత పెట్టి, ప్యాంటు మడిచి, బర్రె పోయిన దారినే నడిచారు. నేను చేతిలో చీటీతో వెనకే వెళ్ళాను.

మేము వెళ్ళేసరికి మా ఇంటి ముందు దుడ్డె తోక ఆడిస్తూ పాలు తాగుతోంది. బర్రె దాన్ని నాకుతోంది. నాయన తల దించుకొని నిలబడ్డాడు. చిన్నాయన ఆ బర్రె ఎవరిదో తనకు తెలియనట్లు ఆకాశం చూస్తున్నాడు. అమ్మ మాత్రం గడపలో మనిషిని చూడగానే అన్నీ మరిచిపోయింది. "రా సారూ, ఇంట్లకు రా. కాళ్ళు కడుక్కో, చాయ పెడ్త" అంది.

తలాటి సాబ్ పడీ పడీ నవ్వారు. కాళ్ళు కడుక్కొని, చాయ తాగి, గ్లాసు కింద పెట్టి అప్పుడు అన్నారు: "చూడు తమ్మా, నేను రాసినా నాకు నిద్ర పట్టదు, నువ్వు చదివినా నీకు పట్టదు. బయటి రాష్ట్రం అని రాసి పంపు. రెండు సీట్లు ఉన్నాయా లేదా?"

"ఉన్నయ్ సార్."

"నీకు ఎన్ని బేకు?"

"ఒకటే సార్."

"మరి!" అన్నారాయన, లెక్క తేలిపోయినట్లు.

ఆయన వెళ్ళాక నాయన నా భుజం మీద చెయ్యి వేశాడు. "సాబ్ అడిగినప్పుడు నువ్వేం చెప్పబోయినవ్ రా?" అన్నాడు. నేను చీటీ చూపించాను. చదవడం రాని ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మడిచి నా జేబులోనే పెట్టాడు. "బర్రె మంచి పని చేసింది, ఊకో. పోయి ఉన్నదే రాయి" అన్నాడు.

మరునాడు నారాయణఖేడ్ వెళ్ళి బయటి రాష్ట్రపు అభ్యర్థిని అని గడిలో నొక్కాను. జాబితాలో నాది మూడో పేరు. సీట్లు రెండు. చిన్నాయనతో పట్నం బయలుదేరడానికి గుడ్డలు సర్దుకున్నాను కూడా. బస్సు ఎక్కవలసిన రోజుకు ముందురోజు ఫోను వచ్చింది. ఎక్కడో దూరపు రాష్ట్రం నుంచి రావలసిన మొదటి అభ్యర్థి చేరలేదట. ఆ అభ్యర్థి ఎవరో నాకు నేటికీ తెలియదు. ఎక్కడున్నా చల్లగా ఉండాలని అమ్మ చాలాకాలం దండం పెట్టుకుంది. చిన్నాయన నా సంచిలో పెట్టిన తన కరణిని, అంటే సిమెంటు పూసే తాపీని, తీసేసుకుంటూ, "ఇటుకలు బతికినయ్" అన్నాడు.

ఇదంతా జరిగి పదేళ్ళు దాటింది. ఇప్పుడు నేను జూనియర్ కళాశాలలో పాఠాలు చెబుతున్నాను. బయటి రాష్ట్రాల్లో సీటు వచ్చే అవకాశం ఎంత సార్ అని పిల్లలు అడుగుతారు. నియమావళి మూడుసార్లు చదవమంటాను. ఉన్నది రాయమంటాను. ఆపైన ఎవరో ఒకరు రాకపోవచ్చు అంటాను. అంతకన్నా శాస్త్రీయమైన సమాధానం నాకు ఇంతవరకు దొరకలేదు.

మొన్న సెలవుల్లో ఊరికి వెళ్ళినప్పుడు ఒర్రె దాటి చేనుకు పోయాను. రెండేళ్ళు ఆ రాష్ట్రపు హాస్టలు అన్నం తిన్నవాడిని కదా, ఇప్పుడైనా ఆ వాక్యం కొంత నిజమై ఉంటుందనిపించింది. కొట్టం ముందు నిలబడి, చుట్టూ ఎవరూ లేరని చూసుకొని, నాను ఇల్లే ఇర్తీని అని పైకి అన్నాను. ఉచ్చారణ బాగానే ఉంది. ఆనాటి బర్రె మనుమరాలు గట్టున గడ్డి మేస్తూ తల ఎత్తి ఒకసారి నన్ను చూసింది. పాలు పితికే వేళయింది. అది మెల్లగా ఒర్రె వైపు నడక మొదలుపెట్టింది. నేనూ దాని వెనకే ఇంటికి నడిచాను.