సీరీస్‌లో లేని సాక్షి

2010లో దుబాయ్ వచ్చేనాటికి నాకు ఇరవై ఏడేళ్ళు. విజయవాడలో పెళ్ళయింది, ఏడాది తిరక్కుండానే విడిపోయాం. విడాకుల కాగితం చేతికొచ్చిన రెండు నెలలకి జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో ఒక గిడ్డంగి కంపెనీలో ఉద్యోగం దొరికింది. కాగితం మీద రాసిన సరుకూ పెట్టెలో ఉన్న సరుకూ ఒకటేనా అని చూడటం నా పని.

డేరా అనే పేటలో ఆడవాళ్ళు మాత్రమే ఉండే ఫ్లాట్‌లో, ముగ్గురుండే గదిలో ఒక మంచం నాది. ఒక మంచం మీద ఫిలిప్పీన్స్ నర్సు ఉండేది. మూడో మంచం కడప నుంచి వచ్చిన ఒక ముస్లిం ఆవిడది. నలభై దాటిన మనిషి, నైఫ్ బజారులో బురఖాల్లాంటి అబాయాలు కుట్టే దుకాణంలో దర్జీ. తొలిరోజే నన్ను "పాపా" అంది. నేను అక్కకి బదులు వాళ్ళ మాటలోనే "ఆపా" అన్నాను. ఏడాది పాటు మా మధ్య అంతకు మించి పెద్దగా మాటల్లేవు. నేను ఆరింటికి కంపెనీ బస్సెక్కేదాన్ని, ఆవిడ పదింటికి దుకాణానికి వెళ్ళేది. శుక్రవారం మాత్రం నాకు సెలవు, ఆవిడ దుకాణం నాలుగింటిదాకా తెరవరు. ఆ నాలుగైదు గంటలూ ఇద్దరం ఎవరి మంచం మీద వాళ్ళం పడుకుని పైకప్పు చూస్తుండేవాళ్ళం.

నర్సు వాళ్ళ దేశం వెళ్ళిపోతూ నా చేతిలో ఒక గేమ్ పెట్టింది. పుస్తకంలా మడిస్తే మూసుకుంటుంది, తెరిస్తే పైనొకటి కిందొకటి రెండు తెరలు. "ఇందులో ఒక్కటే ఆట ఉంది. కోర్టు గురించి. నువ్వు ఊరికే చదువుతూ ఉంటావుగా, నీకు నచ్చుతుంది" అంది.

కోర్టు అనగానే దాన్ని సూట్‌కేసు అడుగున పడేశాను. నెల తర్వాత ఒక శుక్రవారం ఏమీ తోచక తీశాను. అందులో ఒక కుర్ర లాయరు. అతని కక్షిదారు మీద హత్యానేరం ఉంటుంది, తప్పు చేయలేదంటే ఎవరూ నమ్మరు. సాక్షి వచ్చి తను చూసింది చెబుతుంది. ఆ మాటల్ని మనం ఒక్కొక్క వాక్యమే చదవాలి. అనుమానం వస్తే బటన్ నొక్కి మళ్ళీ అడగాలి. ఆధారాలతో పొసగని వాక్యం ఎక్కడుందో పట్టుకోవాలి. మనం ఎంతసేపు ఆలోచించినా సాక్షి బోనులో అలాగే నిలబడి ఉంటుంది.

"ఏం పాపా, పొద్దట్నుంచి అదొకటే నొక్కుతాండావు?" అంది ఆపా పక్క మంచం మీంచి.

చెప్పాను. లేచి కూర్చుంది.

"నాకు ఇంగ్లీషు రాదు. తెలుగు మాట్లాడేదే గానీ చదివేది రాదు. నువ్వు చదివి తెలుగులో చెప్పు, నేను ఇంటా."

ఆ తర్వాత ప్రతి శుక్రవారం అదే పని. ఆవిడ నమాజు అయ్యాక ఇద్దరం నా మంచం మీద కూర్చునేవాళ్ళం. జడ్జికి ఒక గొంతు, లాయరుకి ఒక గొంతు పెట్టి చదివేదాన్ని. నేను ఆధారాలన్నీ వరసగా తిరగేసేదాన్ని. ఆవిడ కళ్ళు మూసుకుని వినేది. తప్పు చూపిస్తే జడ్జి మందలిస్తాడు. అప్పుడు ఆపా నాకంటే ఎక్కువ నొచ్చుకునేది.

మూడో కేసు ఒక హోటల్లో జరిగిన హత్య. చనిపోయిన మనిషి గదిలో ఒక కోటు దొరికింది. అది నిందితుడిదేనని అందరూ అంటున్నారు. రెండు శుక్రవారాలు తల బద్దలు కొట్టుకున్నాను. మూడో శుక్రవారం ఆపా గేమ్‌ని నా చేతిలోంచి తీసుకుని కోటు బొమ్మని కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది.

"ఇది మొగోళ్ళ కోటు గాదు పాపా. గుండీలు ఎడమపక్క ఉండాయి సూడు. మొగోళ్ళకి కుడిపక్క కుడతారు, ఆడోళ్ళకి ఎడమపక్క. ఇరవై ఏండ్లుగా నేను కుడతాండా, నాకు తెల్దా?"

అదే జవాబు. లాయరు బల్ల గుద్దాడు. ఆపా నా వీపు మీద చరిచింది.

ఆ కేసులోనే హోటల్ బట్టలుతికే ఆమె సాక్ష్యం ఉంది. కేసుకి పెద్దగా పనికిరాని సాక్ష్యమే. కానీ ప్రతి వాక్యం దగ్గరా ఆపి అడిగితే ఆమె తన సంగతులు చెబుతుంది. సబ్బుకి చేతులెలా పగిలాయో, హోటల్ కింది అంతస్తులో ఎన్నేళ్ళుగా ఉంటోందో చెబుతుంది. చివరికి, "నన్నెవరూ ఇంతసేపు ఏమీ అడగలేదండీ" అంటుంది. అది తెలుగులో చెప్పబోయి ఆగిపోయాను.

"ఏమాయ పాపా?"

అప్పటిదాకా నేను ఎవరికీ చెప్పని సంగతి చెప్పాను. విజయవాడ కోర్టులో నన్ను మూడు ప్రశ్నలడిగారు. విడిగా ఉంటున్నారా? ఇష్టపడే విడిపోతున్నారా? ఈ సంతకం మీదేనా? మూడింటికీ అవునన్నాను. నాలుగు నిమిషాల్లో అయిపోయింది.

ఆపా ఓదార్చలేదు. "ఇంగొక ప్రశ్న అడిగింటే ఏం చెప్పేదానివి?" అంది.

ఆయన నన్ను కొట్టలేదు, తిట్టలేదు. నాతో మాట్లాడేవాడు కాదు. ఏం కావాలన్నా వాళ్ళమ్మతో చెప్పించేవాడు. ఎనిమిది నెలల్లో ఒక్కసారి కూడా నన్ను పేరు పెట్టి పిలవలేదు. పెట్టె సర్దుకున్న రోజు ముందు గదిలోనే కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. "ఒక్కమాట ఉండమంటే ఉండేదాన్ని ఆపా" అన్నాను. ఆ రోజు ఆవిడ దుకాణానికి గంట ఆలస్యంగా వెళ్ళింది. ముదీర్, అంటే దుకాణం మేనేజరు, అందరి ముందూ కేకలేశాడని ఆ తర్వాతెప్పుడో వేరేవాళ్ళ ద్వారా తెలిసింది.

చివరి కేసు మధ్యలో ఉండగా ఆ దుకాణం మూసేశారు. వీసా ఇచ్చి పనిలో పెట్టుకునే వేరే కఫీల్ దొరకలేదు. 2013లో ఆపా వీసా రద్దయి కడప వెళ్ళిపోయింది. అప్పటికి ఆ చివరి కేసులో డాక్టరే హంతకుడని మాకు అనుమానంగా ఉంది గానీ రుజువు దొరకలేదు. "నేను లేకుండా ఆడాకు" అని ఎయిర్‌పోర్టు దగ్గర నవ్వుతూ అంది. నేను ఆడలేదు. మాట ఇచ్చినందుకని కాదు. రెండుసార్లు తెరిచి చూశాను. గదిలో ఒక్కదాన్నే ఉండగా జడ్జి గొంతు పెట్టి చదవడం నావల్ల కాలేదు.

ఆ మంచం మీదికి తర్వాత ఎందరో వచ్చారు, వెళ్ళారు. అందరూ మర్యాదస్తులే. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని అటు తిరిగి పడుకునేవాళ్ళు. కొన్ని శుక్రవారాలు నేను పొద్దుట లేచింది మొదలు పడుకునేదాకా కింద కిరాణా కొట్టతనితో తప్ప ఎవరితోనూ మాట్లాడేదాన్ని కాదు.

2016లో ఆ గేమ్‌ని జపాన్‌లో యానిమే అనే బొమ్మల సీరీస్‌గా తీశారని తెలిసింది. నాకు మొదట తోచిన మాట, చివరి కేసు ఏమైందో ఆపాకి తెలుస్తుంది కదా అని. ఆవిడ కూతురు కడపలో తెలుగు మీడియంలో చదివి కాలేజీకి వచ్చింది. సబ్‌టైటిల్స్ తెలుగులో ఉంటే ఆ అమ్మాయి చదివి వినిపిస్తుంది. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ ఫైలు సంపాదించాను. సెలవు రోజంతా కూర్చుని ఒక్కొక్క వాక్యమే తెలుగు చేశాను. ఏ మాట ఏ సెకనులో వచ్చి ఏ సెకనులో పోవాలో అంకెలు సరిచూసుకున్నాను. ఒక ఎపిసోడ్‌కి రెండు శుక్రవారాలు పట్టేది.

సీరీస్ చూస్తుంటే నాకు ఊపిరాడలేదు. లాయరు ఎవరి కోసమూ ఆగడు. మేము మూడు శుక్రవారాలు వెతికిన కోటు గుండీల సంగతి అతనికి ఒక్క క్షణంలో తట్టేసింది. ఆటలో రోజులు పట్టే కేసుని రెండు ఎపిసోడ్లలో చెప్పాలి మరి, వాళ్ళు మాత్రం ఏం చేస్తారు అనుకున్నాను. అలా కుదించడంలో బట్టలుతికే ఆమె సాక్ష్యం ఎగిరిపోయింది. ఆమెని మాత్రం ఉంచారు. లాయరు కోర్టు వరండాలో పరిగెత్తుతుంటే వెనకనుంచి బట్టల బుట్ట పట్టుకుని ఒక మూణ్ణాలుగు సెకన్లు నడిచి వెళ్ళిపోతుంది.

ఆ మూణ్ణాలుగు సెకన్లనీ నేను చాలాసార్లు చూశాను. తర్వాత అక్కడ ఒక వాక్యం టైపు చేశాను. "ఒక్కమాట ఉండమంటే ఉండేదాన్ని." ఎందుకు రాశానో నాకే తెలియదు. చెరిపేద్దామనుకుంటూనే పంపేశాను.

వారం తర్వాత ఆపా ఫోన్ చేసింది. గుండీల సంగతి వచ్చినప్పుడు కూతురి ముందు ఎంత గొప్పగా అనిపించిందో చెప్పింది. తర్వాత గొంతు తగ్గించింది.

"ఆ బట్టలుతికే యమ్మ మాట్లాడిందంట గదా. నేను సూస్తానే ఉండా పాపా, ఆ యమ్మ నోరు మెదపలే."

నేను ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాను.

"అది ఆ యమ్మ మాట గాదు. నీది. నా బిడ్డ అడిగింది, ఎవురన్నారు మా ఆ మాట అని. పొరపాటున పడింటాదిలే అని చెప్పినా."

"తీసేసి మళ్ళీ పంపిస్తాను ఆపా."

"తీయాకు. ఎవురికీ తెలీదులే. ఉండనీ."

ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఏడ్చాను. పక్క మంచం అమ్మాయి ఇయర్‌ఫోన్లు తీసి ఇంగ్లీషులో, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అని అడిగింది. లేదన్నాను. సరేనని మళ్ళీ పెట్టుకుంది.

ఇంకో నాలుగు నెలల్లో చివరి కేసు ఎపిసోడ్లు పూర్తి చేశాను. హంతకుడు బయటపడే చోటుకి ముందు, లాయరు నోరు తెరవబోయే క్షణంలో, "ఇక్కడ ఆపు ఆపా, ఎవరో చెప్పు" అని ఒక వాక్యం పెట్టాను. అక్కడ వీడియో ఆపి నాకు ఫోన్ చేస్తుందని నా ఆశ. పంపిన శుక్రవారం ఫోన్ పక్కనే పెట్టుకుని కూర్చున్నాను. రాలేదు. ఆ పై శుక్రవారం మధ్యాహ్నం మోగింది.

"మేం మంగళవారమే సూసేసినాం పాపా! నువ్వు రాసిన కాడ ఆపి ఇద్దరం ఒకటే వాదులాట. నేను డాక్టరన్నా, నా బిడ్డేమో ఆ కేసులో నర్సంటాది."

"డాక్టరు ఎట్లయితాడు మా, చేతిగడియారం సంగతి నేనే గదా చెప్పింది" అని కూతురు వెనకనుంచి అరిచింది. ఆపా ఫోన్ చేతిలోనే పట్టుకుని ఆమెకి జవాబు చెప్పింది. తల్లీకూతుళ్ళు నవ్వుకుంటూ ఆ కేసంతా మళ్ళీ మొదట్నుంచి చెప్పుకోవడం మొదలుపెట్టారు. మధ్యలో నా అవసరం ఎక్కడా రాలేదు. నేను ఫోన్ చెవికి ఆనించుకుని వింటూ ఉన్నాను. సంతోషంగానే ఉంది.

"నువ్వెవురితో సూసినావు పాపా?" అని ఆఖర్న అడిగింది.

"చూశాను ఆపా, బాగుంది" అన్నాను.

ఈలోగా వాళ్ళింటికెవరో వచ్చినట్టున్నారు, మళ్ళీ చేస్తానని పెట్టేసింది. నేను చెప్పులేసుకుని కిందికెళ్ళి, మూలనున్న హోటల్లో భోజనం చేసి, ఎండ తగ్గేదాకా అక్కడే కూర్చున్నాను.

2019 దాకా నేను ఆ గదిలోనే ఉన్నాను. తర్వాత షార్జాకి మారాను. ఆపా రంజాన్‌కి ఒకసారి, నా పుట్టినరోజుకి ఒకసారి తప్పకుండా ఫోన్ చేస్తుంది. ఏం తిన్నావని అడుగుతుంది, ఎవరితో ఉంటున్నావని అడుగుతుంది. ఇప్పుడు నిజమే చెబుతాను. ఒక్కదాన్నేనని చెబితే, ఫోన్ పెట్టేయడానికి తొందరపడదు.