ఆ ఇంట్లో నేను తిన్న భోజనం

ఏళ్ల కిందట తిన్న ఒక పూట భోజనం నాకు ఇంకా అరగలేదు. నవ్వకండి. నేను చెప్పేది కడుపు బరువు గురించి కాదు.

నా నోటికి జడవని వాళ్లు మా వీధిలో లేరు. బస్సు కండక్టరు మొదలుకొని మా ఆడపడుచు దాకా అందరితోనూ వాదించాను, చాలాసార్లు గెలిచాను కూడా. ఈ ఒక్క విషయంలో మాత్రం నాతో నేనే వాదించుకుని గెలవలేకపోతున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పట్లో అమలాపురంలో ఒక చిన్న సేవాసంస్థలో పనిచేసేదాన్ని. ఆసరా లేని ముసలివాళ్లకు నెలనెలా బియ్యం, కందిపప్పు, నూనె సంచీలో పెట్టి ఇచ్చేవాళ్లం. ఆ సంచీ ఎవరికి ఇవ్వచ్చో, ఎవరికి కూడదో ఇల్లు చూసి తేల్చడం నా పని. డిగ్రీ చదివానని, మొహమాటం లేదని నన్ను పెట్టారు. మాకో పద్ధతి ఉండేది. చెప్పాపెట్టకుండా ఒకరింట్లో దూరి వంటగది చూడటం మా వైపు మర్యాద కాదు. అందుకని ముందురోజే కబురు చేసేవాళ్లం. కబురందిన ఇల్లు ఏం చేస్తుంది? వాకిలి ఊడ్చుకుంటుంది, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుంటుంది. ఆ పైపై సింగారం వెనక ఏముందో పసిగట్టడం నాకు బాగా తెలుసు. తెలుసన్న సంగతి మాత్రం మరిచిపోకండి.

రాజోలు దగ్గర పల్లెలో మంగాయమ్మ అనే ఆవిడ ఉండేది. భర్త పోయాక కొబ్బరిపీచు తాళ్లు పేనుకుని బతికింది. వేళ్లు వంకరపోయాక ఆ పనీ పోయింది. కొడుకు ఎక్కడో ఉద్యోగం చేస్తున్నాడని రేషన్ కార్డు తీసేశారు. ఆ కొడుకు ఈ గుమ్మం తొక్కి ఏళ్లయింది. మా సంచీ వస్తే ఆవిడ పొయ్యి వెలుగుతుంది, రాకపోతే లేదు. ఇంతే విషయం.

వేసవి, మిట్టమధ్యాహ్నం. నేను వెళ్లేసరికి పీట వాల్చి ఉంది.

"ఎండన పడి వచ్చేరు, కాళ్లు కడుక్కోండమ్మా. వడ్డించేస్తాను" అంది.

"నేను తినడానికి రాలేదు మామ్మగారూ. మీకు తినడానికి ఉందో లేదో చూడ్డానికి వచ్చాను."

"ఆయ్, తింటా చూద్దురుగానండి. ఈలోగా నేనేం పారిపోతానేటండీ?"

నాకూ నవ్వొచ్చింది. కూర్చున్నాను. ముద్దపప్పు, పచ్చిరొయ్యలు మామిడికాయ కూర, గడ్డపెరుగు. కూర మారు వడ్డించమని నేనే అడిగాను.

అప్పుడు చూశాను. కూర గిన్నె అంచు మీద ఒక పేరు చెక్కి ఉంది. పప్పు గిన్నె మీదా అదే పేరు. మంగాయమ్మ పేరు కాదు. వచ్చేటప్పుడు తన పేరు చెప్పుకుని దారి చూపించిన పక్కింటావిడది. చెయ్యి కడుక్కోవడానికి లేచినప్పుడు పొయ్యి కూడా చూశాను. ఆ పూట వెలిగించిన జాడ లేదు. ఇంక అర్థం కాకపోవడానికి ఏముంది? ఇంటికి మనిషొస్తోందని కబురందింది, పెట్టడానికి ఏమీ లేదు, అడిగి తెచ్చింది.

నా కంచం తీస్తూ ఆవిడ అంది: "మెతుకు మిగల్చలేదు. బాగా ఆకలి మీదున్నారు, పాపం."

పాపం! నన్ను! జాలి పడటానికి వెళ్లినదాన్ని నేను. జాలి నా వైపు నుంచి ఆవిడ వైపు వెళ్లాలి గాని, ఇటు రావడమేమిటి? ఒళ్లు మండింది. ఇప్పుడు రాస్తుంటే ఎంత చిన్న మాట అనిపిస్తోంది! ఆ చిన్న మాటకే నేను అంతలా ఎందుకు భగ్గుమన్నాను? మోసగాళ్లను ఇట్టే పట్టేస్తానని ఆఫీసులో నాకున్న పేరు చూసుకునా? లేక నిజంగానే ఆ పూట ఆబగా తిన్నానని సిగ్గుపడా? ఏమో.

"ఇంత వంట చేసుకునే ఇంటికి మా బియ్యం దేనికండీ?" అన్నాను.

ఆవిడ కంచం కింద పెట్టింది. పక్కింటి నుంచి తెచ్చానని ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు. తిన్న మనిషి ముందు ఆ మాట చెప్పదని నాకు తెలుసు, తెలిసే అడిగాను.

"ఇంటికొచ్చినోళ్లకి పెట్టకుండా ఎలాగండీ?" అంది, అంతే.

తిండికి లోటు లేదని రాసిచ్చాను. మా కార్యదర్శి నెమ్మదస్తుడు, ఇంకోసారి వెళ్లి చూద్దామా అన్నాడు. నేను స్వయంగా కూర్చుని తిని వచ్చాక ఇంకా చూసేదేమిటని గదమాయించాను. రొయ్యల కూర సంగతి కథలా చెప్పాను. అందరూ నవ్వారు. ఆయనా ఊరుకున్నాడు. వాదన గెలిచాను.

వానలు మొదలయ్యాక ఒకసారి బస్సు జొన్నాడ దగ్గర హోటలు ముందు ఆగింది. వెనక పంపు దగ్గర మంగాయమ్మ, ఆ వంకర వేళ్లతోనే, పెద్ద పెద్ద గిన్నెలు తోముతోంది. నన్ను గుర్తుపట్టింది. చేతులు కొంగుకు తుడుచుకుని, పలకరిద్దామనే కాబోలు, బస్సు వైపు వచ్చింది. నేను కిటికీ అద్దం మూసేశాను.

అప్పుడైనా దిద్దుకోవచ్చు. కార్యదర్శికి ఒక్క మాట చెబితే ఆ నెల నుంచే సంచీ వెళ్లేది. కానీ ఆ మాట చెప్పాలంటే ముందు చెప్పింది అబద్ధమని ఒప్పుకోవాలి. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ గడిపాను. చలికాలం రాకముందే ఆ హోటలు వెనక పాకలోనే ఆవిడ పోయింది. జ్వరం అన్నారు. జ్వరంతో పోయిన మనిషికీ నేను ఆపిన బియ్యానికీ సంబంధమేమిటని వాదించవచ్చు. ఆ సందు నాకు కనిపిస్తూనే ఉంది. వాదించను.

మీరు నన్ను క్షమించనక్కర్లేదు. ఆ హక్కు మీది కాదు, అడిగే మొహం నాకూ లేదు. ఏదో పొరపాటు జరిగిందిలే అని మాత్రం అనకండి. పొరపాటు కాదు. మంగాయమ్మకు ఆ సంచీ రావాల్సింది. అది నాకు తెలుసు. తెలిసే, రాకుండా చేశాను.

రాసేశాను.