సువార్త ఈతబుర్రలు

తొలికోడి కూతకే లేచి, దూలానికి వేలాడే ఈతబుర్రలు దించి భుజాన వేసుకుని, "లేవే సువార్తా, వెలుగొస్తంది" అంటూ కూతురి కాలి బొటనవేలు పట్టి లాగడం హన్నమ్మకు అలవాటు. ఇప్పుడూ ఆ వేళకే మెలకువ వస్తుంది. కానీ లేవదు. వెల్లకిలా పడుకుని చీకట్లో ఆ బుర్రలకేసి చూస్తూ ఉంటుంది. భర్త దేవానందం లేచి, పొయ్యి రాజలేదని తెలిసి, రాత్రి మిగిలిన జొన్నన్నంలో ఇన్ని నీళ్ళు పోసుకుని తాగి, సమ్మెట భుజాన పెట్టుకుని పనికి పోతాడు. ఒక్క మాట కూడా అనడు. ఏమైనా అంటే బాగుండునని హన్నమ్మకు ఉంటుంది.

గురజాల పక్కన నాపరాళ్ళు తీసే పల్లె వాళ్ళది. రాయి తీసి వదిలేసిన గుంటల్లో నీళ్ళు చేరి, గుడిసెల గడపల దాకా అవే. అందుకని అక్కడ పిల్లలకు మాటలతోపాటు ఈత కూడా రావాల్సిందే. ఎండిన సొరబుర్రలు రెండు, తూట్లు మైనంతో మూసి, తాటినార తాడుతో నడుముకు కడతారు. ఆ ముడి తల్లే వేయాలి. పిల్లకు ఈత వచ్చాక తల్లే విప్పి, ఆ బుర్రల్ని తర్వాతి పిల్ల ఉన్న ఇంటికి ఇవ్వాలి. సువార్తకు చిన్ననాడే ఈత వచ్చినా హన్నమ్మ మాత్రం బుర్రలు ఎవరికీ ఇవ్వలేదు. పిల్ల ఎదిగేకొద్దీ ముడి వదులు చేస్తూ, పాతగుంట ఒడ్డున కూర్చునేటప్పుడు పక్కన పెట్టుకునేది. కాలు పట్టేసినా, ఊపిరి చాలకపోయినా విసరడానికని.

పల్లెలో పిల్లలంతా బారలు వేస్తూ, నీళ్ళు చిమ్ముతూ ఈదుతుంటే, సువార్త ఒక్కతీ వేరేగా ఈదేది. రెండు చేతులూ రొమ్ము దగ్గరికి తెచ్చి ఒక్కసారి ముందుకు చాపి, మోకాళ్ళు ముడిచి నీటిని వెనక్కి తన్నేది. చప్పుడు ఉండేది కాదు. తల ఒకటి పచ్చని నీళ్ళ మీద తేలుతూ మునుగుతూ పోయేది.

"ఏమే హన్నమ్మా, నీ కడుపున పిల్ల పుట్టిందా కప్ప పుట్టిందా? వానొస్తే బెకబెకమంటదా ఏంది?" అనేది పక్కగుడిసె నాగులమ్మ, ఒడ్డున బిందె తోముకుంటూ.

"నువ్వు ఈగవై రా అవ్వా, చెప్తా" అనేది సువార్త నీళ్ళలోంచే.

ఒక ఆదివారం ప్రార్థన గుడికి వచ్చిన దయామణి టీచరమ్మ ఈ ఈత చూసింది. ఆమె గురజాలలో మిషన్ బడి పంతులమ్మ. గుంట ఒడ్డున గొడుగు మూసి నిలబడి, చాలాసేపు కదలలేదు.

"ఈ ఈతకి లండన్‌లో పందెం పెడతారే పిల్లా. ఆడపిల్లలకి వేరేగా. అన్ని దేశాల నించీ వస్తారు. యుద్ధమని ఇన్నాళ్ళూ ఆపేశారు, వచ్చే ఏడు మళ్ళీ పెడతన్నారు. గోడ ముట్టేటప్పుడు మాత్రం రెండు చేతులూ ఒక్కసారే తగలాలంట" అంది.

"మన దేశం వాళ్ళని రానిస్తారా టీచరమ్మగారూ?"

"ఇప్పుడు మన దేశం మనదే గదా. నీ పేరు మద్రాసుకి రాయిస్తాలే."

ఆ రాత్రి దేవానందం అన్నం కలుపుతూ నవ్వాడు. "లండనంటే ఏంది, కారంపూడి తిరనాళ్ళా, బండి కట్టుకుని పోయి రావటానికి?" అన్నాడే గానీ, మర్నాడు పాతగుంట రెండు ఒడ్డుల్లోనూ నీటి మట్టానికి రాయి చదునుగా చెక్కి ఇచ్చాడు, కూతురు రెండు చేతులూ సమంగా ఆనించడానికి. సువార్త తండ్రి పాత పంచె గోచీ పోసి బిగించి కట్టుకుని, ఆ రాతి నుంచి ఈ రాతికి, ఈ రాతి నుంచి ఆ రాతికి ఈదేది. హన్నమ్మ ఒళ్ళో రాతిచెక్కలు పోసుకుని, పిల్ల ఒడ్డు ముట్టినప్పుడల్లా ఒకటి పక్కన పెట్టేది. చలికాలమంతా అదే పని. పిల్ల పెదాలు నీలంగా మారేవి. చెంగుతో తల తుడుస్తుంటే, "అమ్మా, అక్కడ మన పేరు ఎట్టా పిలుస్తారో, సువార్త అనటం తెల్లోళ్ళకు నోరు తిరుగుద్దా?" అనేది.

ఈస్టరుకు వారం ముందొచ్చే మట్టల ఆదివారం ఇంకా రాకముందే పిల్లకు జ్వరం తగిలింది. విషజ్వరమన్నారు. చల్లటి నీళ్ళలో పెరిగిన ఒళ్ళు పొయ్యిమీది పెంకులా కాలిపోయింది. ఈస్టరు పాటలు గుడిలో వినపడుతుండగానే పోయింది.

ఆ పల్లె సంఘంలో ఒక పద్ధతి ఉంది. చావింట్లో పెట్టే ఆదరణ కూటం నాడు, గుడిలో ప్రార్థన నడిపే ఉపదేశిగారు పోయినవాళ్ళ పేరు చివరిసారిగా గట్టిగా పిలుస్తారు. ఇంటివాళ్ళలో ఒకరు లేచి, "ఇక్కడ లేదయ్యా, ప్రభువు దగ్గరకి పోయింది" అని చెప్పాలి. అలా చెప్పినాకే పోయినవాళ్ళ వస్తువులు చేతులు మారతాయి. చెప్పకుండా ఇస్తే, ఉన్న మనిషిని దోచినట్టు. హన్నమ్మ లేచింది, చెప్పింది. పావడాలు, కంచం, దువ్వెన అన్నీ ఆడపిల్లలకు పంచింది. బుర్రలు మాత్రం నాగులమ్మ మనవరాలికి రావాలి. నాగులమ్మ వచ్చి గడపలో కూర్చుంది.

"ఆగత్తా" అంది హన్నమ్మ. "దాని పేరు ఇంకోచోట ఉంది. లండన్‌లో పిలుస్తారు. పిలిచినప్పుడు లేదని చెప్పేవాళ్ళు లేకపోతే ఎట్టా? టీచరమ్మతో కబురు చేయించినాక విప్పుతా."

నాగులమ్మది వేరే దేవుడైనా ఆ మాట అర్థమైంది. "సరేలే" అని లేచిపోయింది.

వేసవి సెలవులకు బడి మూశారు. టీచరమ్మ సొంతూరు పోయింది. బడి తెరిచేనాటికి దేవానందం కాలి మీద రాయి పడింది, హన్నమ్మ గడప దాటలేకపోయింది. శ్రావణం వానలు మొదలయ్యాయి. ఎవరో సంతలో ఆ పందేలు జరుగుతున్నాయని చెప్పుకున్నారు. ఇక ఆగలేక, గోనెసంచి తలమీద వేసుకుని వానలో గురజాల నడిచింది.

బడి వరండా నిండా నైజాం గొడవలకు భయపడి కృష్ణ అవతలి ఒడ్డు నుంచి పుట్టి ఎక్కి వచ్చిన జనం. పిల్లల ఏడుపులు, తడి కట్టెల పొగ. దయామణి టీచరమ్మ పెద్ద డేగిశాలో గంజి తిప్పుతూ, హన్నమ్మను చూసి గరిట వదిలేసింది.

"పందెం అయిపోయిందా టీచరమ్మగారూ?"

"అయిపోయిందమ్మా. పేపర్లో వేశారు. హాలెండు పిల్లంట, గెలిచింది."

"మా పిల్ల పేరు పిలిచినప్పుడు ఎవరన్నా చెప్పారా, లేదని?"

టీచరమ్మకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక పమిట కొంగుతో మొహం తుడుచుకుంది. పొగ వల్ల అన్నట్టు తుడుచుకుంది.

"కూర్చో హన్నమ్మా."

"నిలబడతాలే. చెప్పండి."

"అక్కడ పిలవలేదమ్మా. పేరు పోలేదు. నేను మద్రాసులో తెలిసినవాళ్ళను అడిగించాను. మన దేశం నించి ఆడపిల్లలెవర్నీ ఈతకి పంపటంలేదన్నారు. పేరు రాయించుకునే చోటే లేదు. అది క్రిస్మసు ముందు సంగతి."

"క్రిస్మసు ముందా?" అంది హన్నమ్మ. ఆ తర్వాత ఎన్ని తెల్లవారుజాములు! ఒళ్ళోని రాతిచెక్కలు, నీలం పెదాలు.

"చెబుదామనే వచ్చాను ఒకసారి. ఒడ్డున నువ్వు కూర్చునున్నావు. అది ఈదుతా ఉంది. నోరు రాలేదమ్మా. ఈదనీలే, వచ్చే నష్టమేముంది అనుకున్నా."

"నష్టమేం లేదులెండి" అంది హన్నమ్మ. కోపం కోసం లోపల వెతుక్కుంటే అదీ దొరకలేదు. "చానా బాగా ముట్టేది టీచరమ్మగారూ, రెండు చేతులూ ఒక్కసారే."

టీచరమ్మ గంజి తాగి పొమ్మంది. తాగింది. తాగకపోతే ఆమె బాధపడుతుందని.

ఇంటికి వచ్చేసరికి నాగులమ్మ చూరు కింద మనవరాలిని పెట్టుకుని కూర్చుని ఉంది. పాతగుంట నిండి, దేవానందం చెక్కిన రాళ్ళు రెండూ మునిగిపోయాయి.

"చెప్పొచ్చావా?"

"అక్కడ దాన్ని ఎవురూ పిలవలేదత్తా."

"ఇంకేంది మరి, మంచిదేగా. విప్పు. ఈ ముండ నిన్న కాలుజారి మోకాళ్ళ దాకా దిగింది. రేపటి నించి నీళ్ళలో దింపాల."

హన్నమ్మ బుర్రలు దించింది. నార తడికి ఉబ్బి ముడి బిగుసుకుని ఉంది. సువార్త నడుము కొలత అలాగే గుండ్రంగా నిలబడి ఉంది, మధ్యలో మనిషి ఉన్నట్టే. మనవరాలు చొక్కా పైకెత్తి, సన్నటి నడుము చూపిస్తూ దగ్గరికొచ్చి నిలబడింది. హన్నమ్మ గోరు ముడి మీద ఆనించి, మళ్ళీ తీసేసింది.

"పిలిస్తే గదా అత్తా, లేదని చెప్పేది. చెప్పందే ఎట్టా ఇచ్చేది?" అంది.

"పిచ్చిదానా, పోయిన పిల్ల పోనే పోయె..."

"వేరే బుర్రలు ఎండబెట్టి ఇస్తా. మైనం నేనే పెడతా. ఇవి కాదు."

నాగులమ్మ మనవరాలి చొక్కా కిందికి లాగి, చెయ్యి పట్టుకుని వానలోకి దిగింది.

పొయ్యి రాజేయాల్సిన వేళయింది. హన్నమ్మ లేచి, బుర్రల్ని మళ్ళీ దూలానికి తగిలించింది. ముడి విప్పలేదు.