లేని జబ్బుకు రాసిన మందు

ఒక మనిషితో "మీకు జబ్బు లేదు" అని చెప్పడానికి నాకు పదేళ్లు దాటింది. అందుకు పెద్ద పరీక్షలేమీ అవసరం లేదు. మొదటిరోజే చెప్పవచ్చు. చెప్పలేదు. పైగా ఉందని చెప్పాను, అదీ ఆమెతో కాదు.

అది 1963. నాంపల్లి స్టేషన్ నుంచి అబిడ్స్ వైపు వచ్చే రోడ్డులో, ఒక ఇరానీ హోటలు మేడమీద నా క్లినిక్ ఉండేది. తెనాలి నుంచి వచ్చి ప్రాక్టీసు పెట్టి అప్పటికి ఐదారేళ్లు. మందులు చాలావరకు మా కాంపౌండరే కలిపేవాడు. మిక్స్చర్‌ను సీసాలో పోసి, డోసుకొక గాటు చొప్పున కత్తిరించిన కాగితం పట్టీని సీసాకు అంటించి ఇచ్చేవాడు. అందులో ఏముందో రోగికి చెప్పే అలవాటు మాకు లేదు. అడిగేవాళ్లూ లేరు.

ఇంకో అలవాటు కూడా ఉండేది. ఆడవాళ్లు వస్తే జబ్బు సంగతి వెంట వచ్చినవాళ్లు చెప్పేవారు. భర్తో, అత్తగారో. మేమూ వాళ్లనే అడిగేవాళ్లం. కేస్ హిస్టరీ, అంటే జబ్బు పూర్వాపరాలు, రోగి నోట వినాలని మాకు కాలేజీలో చెప్పారు. అయినా ఆడరోగి చెయ్యి చాపి నాడి చూపించుకుని, తల వంచుకుని కూర్చునేది. దాన్ని మేము మర్యాద అనుకునేవాళ్లం.

ఒక సాయంత్రం ఒకతను బెంచీ మీద అందరూ వెళ్లేదాకా కూర్చుని ఆఖరున లోపలికి వచ్చాడు. పేరు గోవర్ధన్. ఉస్మాన్‌గంజ్‌లో ఒక టోకు దుకాణంలో గుమస్తా. నలభై నిండినట్టున్నాయి. శుభ్రంగా ఉతికిన చొక్కా, చేతిలో గొడుగు.

"మా ఇంటామెకు జర ఎక్కువైంది డాక్టర్ సాబ్."

"ఏమిటి, బీపీయా?"

"కాదు."

"షుగరా?"

"షుగరైతే గింతసేపు బెంచి మీద ఎందుకు కూసుంట సాబ్? అందరి ముంగటనే చెప్పకపోదునా?"

అతను తలుపు వేసి ఉందో లేదో చూసుకుని, గొంతు తగ్గించాడు. "పెండ్లయినకాడికెల్లి రాత్రిపూట నేను పిలిస్తేనే పక్కకు వచ్చేది. ఏడాది నుంచి ఆమెనే పిలుస్తున్నది."

"మీకు ఇష్టం లేదా?"

"ఇష్టం సంగతి కాదు సాబ్. ఇంటి ఆడది పిలుసుడేంది? గిట్ల నేనెక్కడ విన్లేదు. ఏమన్న జబ్బేమో, ముదిరితే ఏం గావాలె అని ఫికరైతున్నది."

అతను చెడ్డవాడు కాదని ఇక్కడే చెప్పాలి. భార్య మీద అనుమానమేమైనా ఉందా అని అడిగాను. "తౌబా తౌబా" అని చెంపలు వేసుకున్నాడు. భయపడి వచ్చాడు. ఆ భయం తీసెయ్యడం రెండు మాటల పని. "మీ ఆవిడ ఆరోగ్యంగా ఉంది, ఇంటికి వెళ్లండి" అంటే సరిపోయేది.

అలా ఎందుకు అనలేదో నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. మేము చదివిన పుస్తకాల్లో ఈ విషయానికి రెండు పదాలుండేవి. ఒకటి ఫ్రిజిడిటీ, అంటే భార్యకు కోరిక లేకపోవడం. రెండోది నింఫోమేనియా, అంటే ఆడదానికి కోరిక మితిమీరడం. ఆ మితం ఎంతో మాత్రం ఎక్కడా లేదు. జ్వరం చూడడానికి థర్మామీటరు ఉంది. దీనికి భర్తే థర్మామీటరు. అతను కోరుకున్నదానికంటే ఆమె కోరిక తగ్గితే ఒక జబ్బు, పెరిగితే ఇంకో జబ్బు. అదే మనిషి ఇంకో ఇంట్లో కాపురం చేస్తే ఏ జబ్బూ ఉండకపోవచ్చునన్న ఆలోచన నాకు రాలేదు. నా భార్య ఎన్నడూ అడగలేదు కనుక, అడగకపోవడమే ఆరోగ్యమనుకున్నాను. ఆమెకెలా ఉందో నేనూ ఎన్నడూ అడగలేదు.

"ఇది జబ్బే, మందుంది. తీసుకురండి, చూద్దాం" అన్నాను.

రెండు రోజుల తర్వాత శకుంతల భర్తతో వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. అప్పుడప్పుడు వచ్చే తలనొప్పికి చూపిద్దామని ఆమెకు చెప్పి తీసుకొచ్చాడు. ఏం ఉద్యోగమని అడిగితే టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో, ట్రంక్ బోర్డు మీద అంది. బయటి ఊళ్లకు ఫోన్ కలిపే ఆపరేటర్లు కూర్చునే చోటు అది.

"మీ గొంతు ఎక్కడో విన్నానమ్మా."

"నాకు మీ నంబరే తెల్సు సార్. ఆదివారం పొద్దున తెనాలి. మీ అమ్మగారికి చెవులు జర తక్కువ, మీరు గట్టిగ మాట్లాడ్తరు." అని నవ్వింది. "వింటమని కాదు సార్. లైను పడ్డదా లేదా చూడాలె గద."

గోవర్ధన్ కూడా నవ్వాడు, కాస్త గర్వంగానే. "వంద నంబర్లు నోటికొస్తయి సాబ్, చూడాల్సిన పనే లేదు."

నాడి చూశాను, బీపీ చూశాను. అన్నీ బాగున్నాయి. నిద్ర పడుతోందా అని అడిగాను, పడుతోందంది. ఆమెను అడిగింది అంతే. నరాల బలహీనత ఉందని చెప్పి మిక్స్చర్ రాశాను. అది పొటాషియం బ్రోమైడ్. మూర్ఛకు, నిద్రకు ఇచ్చేవాళ్లం. కోరికను అణచడానికి కూడా ఇచ్చేవాళ్లం. ఆమె సీసా సంచిలో పెట్టుకుని, "నరాలకేనా సార్? బోర్డు మీద కూసుంటే మెడ గుంజుతది, గందుకేనేమో" అంది. అవునన్నాను.

నెల తిరిగాక గోవర్ధన్ ఒక్కడే మందుకు వచ్చాడు.

"ఎలా ఉంది?"

"మస్తు నిమ్మళమైంది సాబ్. పడుకుంటే తెల్లారేదాక లేస్తలేదు." ఖాళీ సీసా బల్ల మీద పెట్టాడు. "ఇప్పుడు నేను పిలిచినా పలుకుతలేదు."

ఆ రెండో మాట అంటున్నప్పుడు అతని ముఖంలో సంతోషం లేదు. అది చూశాను. అయినా ఇంకో సీసా ఇప్పించాను.

బ్రోమైడ్‌తో చిక్కేమిటంటే అది ఒంట్లోంచి తొందరగా బయటికి పోదు, పేరుకుంటుంది. పేరుకున్నకొద్దీ మాట ముద్దగా వస్తుంది, మతిమరుపు వస్తుంది, మనిషి మందకొడిగా అవుతుంది. ఇదంతా నాకు తెలిసిందే. మూడో నెలలో ఒక ఆదివారం తెనాలికి ట్రంక్ కాల్ బుక్ చేశాను. ఎప్పుడూ నేను చెప్పకముందే "తెనాలేనా సార్?" అనే గొంతు, ఆ రోజు "ఏ ఊరు?" అంది. చెప్పాను. నంబరు అడిగింది. చెప్పాను. కాసేపటికి మళ్లీ, "ఏ ఊరన్నరు సార్?" అంది. నాలుక మందంగా పలుకుతోంది. ఆ ముద్దమాట ఎందుకొచ్చిందో నాకు వెంటనే అర్థమైంది.

మర్నాడే గోవర్ధన్‌ను పిలిపించి, కోర్సు పూర్తయింది, మందు ఆపెయ్యమన్నాను. ఎందుకో చెప్పలేదు. అప్పటికే ఆలస్యమైంది. ఆ వారంలోనే ఎక్స్ఛేంజి నుంచి సూపర్‌వైజర్ ఫోన్ చేసింది. పెద్దావిడ, ఖచ్చితంగా మాట్లాడే మనిషి.

"మా శకుంతలకు ఏమైంది డాక్టరుగారూ? నిన్న ఆస్పత్రికి అడిగిన అర్జెంటు కాల్‌ను వేరే ఊళ్లో రైస్‌మిల్లుకు కలిపింది. ఈ అమ్మాయి ఇలా చేసేది కాదు. అడిగితే మీ మందు వాడానంది."

"నరాల బలహీనతండీ."

"బోర్డు మీద ఉంచొచ్చా?"

మందు ఆపాను, నెల తిరిగేసరికి మామూలు మనిషి అవుతుంది, తప్పు ఆమెది కాదు నా మందుది అని చెప్పవలసిన చోటు అది. చెబితే ఆ మందు ఎందుకిచ్చానని ఆవిడ అడుగుతుంది, తర్వాత శకుంతల అడుగుతుంది. భర్త చెప్పిన సంగతి బయటపెట్టవలసి వస్తుంది. రోగి రహస్యం కాపాడడం డాక్టరు ధర్మమని సర్దిచెప్పుకున్నాను. కానీ అక్కడ రోగి ఆమె. ఆమె రహస్యాన్ని ఆమె దగ్గరే దాచాను.

"ప్రస్తుతానికి వద్దు" అన్నాను.

శకుంతలను పాత బిల్లుల సెక్షన్‌కు మార్చారు. ఆదివారాలు తెనాలికి వేరే గొంతులు లైను కలిపేవి.

తర్వాత ఆమెను చూసింది 1974లో. ఒక్కతే వచ్చింది. జుట్టు అక్కడక్కడా నెరిసింది. మాట మాత్రం స్పష్టంగా ఉంది. ట్రంక్ బోర్డుకు మనుషులు చాలడం లేదట, పాతవాళ్లను మళ్లీ తీసుకుంటున్నారట. ఆ సూపర్‌వైజర్ పెద్దావిడ ఇంకా రిటైర్ కాలేదు, నీ డాక్టరు సరేనంటే రమ్మందట.

"నా నరాలు ఇప్పుడెట్లున్నయి సార్? జర చూసి చెప్పున్రి. గప్పటికెల్లి జాగ్రత్తగనే ఉన్న. బరువు మొయ్య. సినిమా రెండో ఆటకు పోను. ప్రమోషన్ పరీక్షకు కూసోమన్నరు, నా నరాలు ఆగవని కూసోలె."

తగ్గిపోయిందమ్మా, వెళ్లి చేరండి అంటే ఆమె సంతోషంగా వెళ్లిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. తగ్గిందంటే ఒకప్పుడు ఉన్నట్టేనని తట్టి ఆగాను. లేని జబ్బు కోసం ఆమె పదేళ్లు జాగ్రత్తపడింది. కుర్చీ దగ్గరికి లాక్కుని మొదటినుంచి అంతా చెప్పాను. ఆమె ఎదుటే సూపర్‌వైజర్‌కు ఫోన్ చేసి, ఆనాటి పొరపాట్లకు కారణం నేనిచ్చిన మందేనని, ఈమె నరాలకు ఎప్పుడూ ఏమీ కాలేదని చెప్పాను. "ఈ మాట అప్పుడే చెప్పి ఉంటే పదేళ్లు మంచి ఆపరేటరును పోగొట్టుకునేదాన్ని కాదు" అని ఆవిడ ఫోన్ పెట్టేసింది.

శకుంతల ఏడుస్తుందేమో, తిడుతుందేమో అనుకున్నాను.

"పెండ్లయినప్పుడు నాకు ఆయనంటే భయం సార్" అంది. "తర్వాత అలవాటైంది. నౌకరీల చేరినంక, పొద్దుగాల డ్యూటీ ఉంటే ఆయననే లేసి చాయ్ పెడ్తుండె. ఎవ్వలకు తెల్వకుండ, కిటికీ మూసి. మొగోడు చాయ్ పెడ్తే నవ్వుతరని. గప్పుడు పుట్టింది సార్ నాకు ఆయన మీద ఇష్టం. పదేండ్లకు. దానికా మీరు మందు పోసింది?"

"అవునమ్మా, దానికే" అన్నాను.

"మందు బంద్ చేసినంక మళ్ల వచ్చింది. కానీ ఆయన ముఖం జూస్తే, జబ్బు మళ్ల లేసిందన్నట్టు చూస్తుండె. ఎందుకో నాకు తెల్వకపాయె. నేనే తగ్గిన."

"నన్ను క్షమించండమ్మా" అన్నాను.

"నాకెందుకు సార్ చెప్తరు? జబ్బున్నదని నాకు చెప్పిన్రా? ఆయనకు చెప్పిన్రు. లేదని గూడ ఆయనకే చెప్పున్రి. నా ముంగట."

మీ ఇంటికి వచ్చి చెబుతానన్నాను.

ఈ కేసు తర్వాత నా పద్ధతి మార్చుకున్నాను. ఏ ఆడమనిషి వచ్చినా వెంట వచ్చినవాళ్లను కాసేపు బయట కూర్చోమంటాను. కోరిక ఎక్కువనో తక్కువనో వస్తే మొదట అడిగేది ఒకటే: "దీనివల్ల మీకు బాధగా ఉందా, లేక ఇంకెవరికైనానా?" నిజంగా వైద్యం కావలసినవాళ్లూ ఉంటారు. కాన్పు తర్వాత కోరిక పోయి, అది తిరిగి రావాలని తానే కన్నీళ్లు పెట్టుకున్న మనిషిని చూశాను. నిద్ర లేక, మాట ఆగక, తన అదుపులో తాను లేని మనిషినీ చూశాను. ఆ రెండు చోట్లా బాధ పడుతున్నది ఆ మనిషే. మిగతా చాలామందిలో నేను చూసింది ఇద్దరి మధ్య తేడా మాత్రమే. తేడాకు మందు లేదు. మాట్లాడుకోవడం ఉంది, దానికి నేను అడ్డుపడకుండా ఉంటే చాలు.

ఇంత తెలిసినవాణ్ణి, శకుంతల ఇంటికి వెళ్లడానికి మాత్రం వారాల తరబడి వాయిదా వేశాను. పేషెంట్లని ఒకసారి, వాన అని ఒకసారి. అప్పటికి ఆమె మళ్లీ బోర్డు మీద చేరింది. ఒక ఆదివారం ఫోన్ ఎత్తగానే వినిపించింది.

"తెనాలేనా సార్?"

"అవునమ్మా."

"తెనాలి ఇస్త గానీ సార్, మా ఇంటి కాల్ ఇంక పెండింగుల్నే ఉన్నది."

ఆ సాయంత్రమే వెళ్లాను. నాంపల్లిలో, దర్గా వెనక సందులో రెండు గదుల కిరాయి ఇల్లు. గోవర్ధన్‌కు ఆశ్చర్యం. "డాక్టర్ సాబ్, మీరొచ్చిన్రేంది! కూసోన్రి, చాయ్ పెడ్త" అంటూ లోపలికి వెళ్లాడు. కిటికీ తెరిచే ఉంది. శకుంతల నా ఎదుట స్టూలు మీద కూర్చుంది. అతను మూడు కప్పులు తెచ్చి పెట్టేదాకా ఆగి, అతని ముఖంలోకి చూసి చెప్పాను.

"గోవర్ధన్ గారూ, ఆ రోజు మీ ఆవిడకు ఏ జబ్బూ లేదు. ఎప్పుడూ లేదు. ఆమెకు మీరంటే ఇష్టం, అంతే. దాన్ని జబ్బని మీతో చెప్పింది నేను. ఆమెను ఒక్క మాట అడగకుండా మందు పోయించి, ఆ ఇష్టాన్నీ, ఆమె ఉద్యోగాన్నీ పాడుచేసింది నేను. తప్పు మీ ఇద్దరిదీ కాదు, నాది. నన్ను క్షమించండి."