ముత్లా గుట్ట అవతలి తాత

ఎండకు కాగిన కారు సీటు వాసన తగిలితే ఇప్పటికీ ముత్లా గుట్టకు వెళ్లిన ఆ శుక్రవారమే గుర్తొస్తుంది. కువైట్‌లో కొండ అని చెప్పుకోదగ్గది అదొక్కటే. నాకప్పుడు ఆరేళ్లు. రాయచోటి వైపు నుంచి కొత్తగా పనికి వచ్చిన పెదనాయన ముందు సీట్లో, నాన్న పక్కన కూర్చున్నాడు. కులం కాని పిల్లను చేసుకున్నాడని నాన్నను ఇంట్లోంచి గెంటేసిన వాళ్లలో ఆయనా ఒకడు. అబ్బాసియాలోని మా ఇంటి దగ్గర బయల్దేరినప్పటి నుంచి అమ్మ ఆయనతో ఒక్క మాటా మాట్లాడలేదు.

గుట్ట కనబడగానే పెదనాయన నావైపు తిరిగాడు. "మన పల్లె గూడా ఇట్లాంటి కొండ కిందే పాపా. మీ తాత ఆడే ఉండాడు."

"మమ్మల్ని జూసి తలుపేసుకున్న సంగతి గూడా చెప్పమను," అంది అమ్మ నాన్నతో.

"మా నాయన చేసిందాంట్లో తప్పేముంది?" అన్నాడు పెదనాయన.

నాన్న కారు ఆపేశాడు. ముగ్గురూ దిగి అరుచుకున్నారు. తాత ఇల్లు ఆ గుట్ట అవతలే ఉందనుకుని నేను పైకెక్కి, "తాతా, తలుపు తియ్" అని గొంతు చించుకుని పిలిచాను. కింద అరుపులు ఆగిపోయాయి. అమ్మ వచ్చి వీపు మీద ఒక్కటేసి, కిందికి లాక్కెళ్లింది.

గాలి హోరులో తాతకు వినబడలేదనుకున్నాను. వినబడినా తీసే మనిషి కాడని పెద్దయ్యాక తెలిసింది.