ట్యాంగీ తొక్కు

చేవెళ్ల నుంచి మొయినాబాద్ దాకా ఒక్క ఇంగ్లీషు మాటతో టమాట తొక్కు ధర రెట్టింపు చేసిన మొనగాడు ఇంకొకడుంటే చూపించండి. ఆ మాట ట్యాంగీ.

మొయినాబాద్‌లో నాది కిరాణా దుకాణం. అజీజ్‌నగర్ ఫామ్‌హౌస్‌కు వారం వారం వచ్చే ఒక మేడం నాకా మాట నేర్పింది. అరచేతిలో వేసిన తొక్కు నాకి, ఒక కన్ను మూసి, ట్యాంగీగా ఉందంది. పుల్లగా అంటే సరిపోదా అని అడిగాను. విరిగిన పాలూ పుల్లగానే ఉంటాయి, వాటినెవరూ ట్యాంగీ అనరని నవ్వింది. నిమ్మకాయలా, చింతపండులా చురుక్కున తగిలి, మళ్లీ కావాలనిపించే పులుపుకే ఆ మాటట. మర్నాడే ఆ మాట రాసిన కాగితాలు సీసాలకు అంటించాను.

ఆ తొక్కు పెట్టేది పక్కనున్న చిన్న మంగళారం ఊరి అవ్వ. సోమవారం సోమవారం ఆటోలో జాడీ తెచ్చేది. మా దుకాణదారుల ఇళ్లలో పిల్లలకు నడక కన్నా ముందు నేర్పే విద్య ఒకటుంది: కొనేటప్పుడు ఆముదం తాగిన ముఖం పెట్టాలి. నేను ధర రెట్టింపు చేసిన వారమే ఆ ముఖం పెట్టాను.

"పులుపు బాగ ఎక్కువైతున్నది అవ్వా. పట్నపోళ్లు ముడుతలేరు."

బేరమాడుతుందనుకున్నాను. ఆడలేదు. వేలితో తీసి తానూ నాకి చూసుకుంది.

"నిజంగనేనా బిడ్డా?"

"నీకు అబద్ధం చెప్తనా?"

కిలోకు ఇరవై తగ్గించుకుని వెళ్లిపోయింది.

నాకది బేరం. ఆమె నిజమనుకుంది. మరుసటిసారి చింతపండు సగానికి సగం తగ్గించింది. తొక్కును నిలబెట్టేదే ఆ పులుపని ఆమెకు నాకన్నా బాగా తెలుసు. అయినా తన నాలుకను కాదని నా ముఖాన్ని నమ్మింది. ఆమె ఇంట్లోనే నాలుగు జాడీలకు బూజు పట్టింది.

తర్వాతి సోమవారం ఉత్త చేతులతో వచ్చింది. తన నాలుక మొద్దువారిందని, ఇక తొక్కు పెట్టనని చెప్పింది. వెళ్లబోతూ సీసాలను చూసి, ఆ కాగితం మీద ఏం రాసినవని అడిగింది. టమాట తొక్కని రాసిన అన్నాను.

రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు చిన్న మంగళారం వెళ్లి, ఆమె గడప ముందు నిలబడి అంతా చెప్పాను.

"అంటె, మంచిగనే ఉండెనా?"

"మస్తుగుండె అవ్వా."

"గా ముక్క గప్పుడే చెప్తె నీ సొమ్మేం పోతుండె బిడ్డా?"

టమాటాలకు, నూనెకు, కోసుకున్న ఇరవైలకు పైసలు కట్టాను. తీసుకుంది. ఇప్పుడు మళ్లీ తొక్కు పెడుతోంది, చేవెళ్లలో వేరే దుకాణానికి. కానీ జాడీకి మూత కట్టే ముందు పక్కింటామెను పిలిచి, పులుపు సరిపోయిందా అని అడుగుతుందట. అంతకుముందు ఎవర్నీ అడిగేది కాదు. నేను కట్టాల్సిన అసలు బిల్లు అది. అందులో ఒక్క పైసా తీరలేదు.